పెద్దోని రెక్కబిళ్ల

ఫిబ్రవరి 3, 1946

అమ్మ పెట్టె దించమంది. దించాను. అన్నీ అన్న సామానే — జాబుల కట్ట, దువ్వెన, బడి సర్టిఫికెట్టు, ఒంటి మేజోడు. నా బడి సర్టిఫికెట్టు ఎక్కడుందని అడిగితే అమ్మకు తెలియదు. నాకూ తెలియదు. ఎలుకలను అడగాలి.

అడుగున కుంకుమ భరిణె. అందులో రెక్కబిళ్ల. అన్న హవాయి ఫౌజు నుంచి, అదే విమానదళం నుంచి, సెలవు మీద వచ్చినప్పుడు అమ్మ చేతికిచ్చి పోయినది. ఆయన బర్మాలో పోయి ఏడాది కావస్తోంది. అప్పటి నుంచి ప్రతి శనివారం ఈ బిళ్ల దేవుని గూట్లోకి ఎక్కుతుంది. గరుడుని రెక్క అంటుంది అమ్మ. పసుపు, కుంకుమ, గంధం... బిళ్ల ఎక్కడ, పసుపు ఎక్కడ అనేది పోల్చలేకుండా అయింది. ఒక పక్కనే రెక్క. రెండోది లేదు. లడాయిలో విరిగిందని వాడకట్టంతా అంటారు. అమ్మ ఏమీ అనదు.

మొదటిసారి చేతిలోకి తీసుకుని చూశాను. "జాగ్రత్త" అంది. నేను పసిపిల్లవాణ్ణా.

ఫిబ్రవరి 5

స్టేషన్‌లో కొత్త హమాలీకి వాళ్ల పెద్ద, ముకద్దం, నన్ను చూపించాడు — "విమానవాల్యాచా భావూ."

అంటే, విమానం ఆయన తమ్ముడు. గూడ్స్ ఆఫీసులో ఆరేళ్ల నుంచి ఉన్నాను. నేను రాసిన రశీదు ఇంతవరకు ఒక్కటి తప్పని వెనక్కి రాలేదు. నా పేరు మాత్రం ఎవడికీ గుర్తుండదు. బతికున్నవాణ్ణి నేను, పేరు ఆయనది.

ఫిబ్రవరి 6

రాస్తే తప్పేముంది, ఎవరు చదువుతారు. నాకు మా అన్న మీద కుళ్లు. చచ్చిపోయినా తగ్గలేదు. బతికుంటేనే నయం, ఎప్పుడో ఒకసారి తప్పు చేసేవాడు.

ఆయన పలక నాకు. ఆయన చొక్కాలు నాకు, చేతులు మడిచి. ఆయన పుస్తకాలు నాకు, పేజీ పేజీకి ఆయన పేరుతో. నా పెళ్లికి పదిహేను రోజుల ముందు సెలవుకు వచ్చాడు. ఉండమంటే లీవు లేదన్నాడు. తన చేతి గడియారం విప్పి నాకిచ్చి వెళ్లిపోయాడు. అదీ పాతదే.

రుక్కు ఒక్కతే వేరు. మా మేనమామ కూతురు, భోకర్ పిల్ల. పుట్టిన నాడే పెద్దోనికి అనుకున్నారు. ఆయన చేసుకోనన్నాడట. అమ్మ ఆ మాట మామతో చెబితే అప్పుడు నాకు ఇచ్చారు. ఆయన వద్దన్నాడని విన్న రోజు నేను ఒక్కణ్ణే గోదావరి దాకా నడిచి పోయి వచ్చాను, సంతోషం పట్టలేక. ఈ ఇంట్లో ఆయన వాడి విడిచిపెట్టనిది నాకు దొరికింది అదొక్కటే.

ఫిబ్రవరి 9

అన్న ఏడాది తద్దినం సంగతి మాట్లాడటానికి పురోహితుడు భట్‌జీ వచ్చాడు. గూట్లో బిళ్ల చూశాడు. విరిగింది దేవుని దగ్గర ఉండకూడదు, మంచిది కాదు అన్నాడు.

ఆయన గడప దాటాడో లేదో అమ్మ చేతి వెండి కడియాలు విప్పింది. సబ్బు నురుగు పెట్టి, మణికట్టు ఎర్రగా కందిపోయేదాకా లాగి విప్పింది.

"చిన్నోడా, అవుసులాయనకు గియ్యి ఇయ్యి. రెండో రెక్క చేయించు. ఏడాది లోపట కావాలె."

రుక్కు పొయ్యి దగ్గర నుంచి తలెత్తి చూసింది. మళ్లీ దించింది.

నా పెళ్లికి ఈ కడియాలే అడిగితే, చేతికి పట్టుకుపోయినయ్, వస్తలేవు అంది అమ్మ. ఈ రోజు వచ్చాయి.

ఫిబ్రవరి 11

సరాఫా బజారులో కంసాలి, అవుసుల బ్రహ్మయ్య దగ్గర కూర్చున్నాను. కుంకుడు రసంలో నానేశాడు. పంది వెంట్రుకల కుంచెతో రుద్దాడు. ఏడాది పసుపు గిన్నె అడుగున బురదలా దిగింది.

వెండి బిళ్ల. గుండ్రటి ఆకుల దండ, మధ్యన రెండు ఇంగ్లీషు అక్షరాలు, A ఒకటి, G ఒకటి. దండ నుంచి ఒక పక్కకు రెక్క. వెనుక సూది.

బ్రహ్మయ్య అద్దం కంటికి పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"గిది ఇరగలే."

"ఇరగకపోతే రెండో రెక్క ఏది?"

"లేనే లేదు. ఇరిగిన కాడ గరుకు ఉంటది. గీ అంచు చూడు, ఆకురాయి పెట్టి నున్నగ చేసిండు, మెరుగు కూడ పెట్టిండు. ఒంటిరెక్కకే చేసిండు చేసినోడు. అతుకుమంటె అతుకుత, గని ఎందుకు?"

అతకవద్దన్నాను. కడియాలు ఆయన దగ్గరే పెట్టి, బిళ్ల తెచ్చుకున్నాను. అమ్మతో మాత్రం పనిలో ఉందని చెప్పాను.

లోపల ఒక చిన్న సంతోషం. పైలటుకు రెండు రెక్కలుండాలి కదా. సర్కారు పంపిన చావు కాగితంలో సార్జెంటు అని, నంబరు అని ఉంది. విమానం నడిపాడని ఎక్కడా లేదు. నడిపాడని అన్న కూడా ఎప్పుడూ రాయలేదు. మేమే అనుకున్నాం.

ఫిబ్రవరి 12

స్టేషన్ మాస్టరుకు చూపించాను. A, G అంటే అడ్జుటెంట్ జనరల్ అయి ఉంటుందన్నాడు. "మీ అన్న అంత పెద్దవాడని చెప్పనే లేదేం?"

కిందికి దించుదామని పోతే ఇంకో మెట్టు ఎక్కించి పంపాడు. టీ కూడా తాగించాడు — నాకు కాదు, ఆయన తమ్మునికి.

ఫిబ్రవరి 14

తెలిసింది.

గురుద్వారా వెనుక సైకిళ్లు బాగుచేసే కిషన్‌సింగ్. లడాయిలో మూడేళ్లు విమానాల కార్ఖానాలో ఫిట్టరు, మొన్ననే ఇంటికి పంపించారు. బిళ్ల చేతిలో పెట్టగానే నూనె గుడ్డకు చేయి తుడుచుకున్నాడు, తరువాత పట్టుకున్నాడు.

"టూటా నహీఁ ముంషీజీ. ఏకీచ్ పంఖ్ కా హోతా."

విరిగింది కాదు, ఒక్క రెక్కదే అట. రెండు రెక్కలు నడిపేవానికి. విమానంలో ఉండే తక్కినవాళ్లకు ఒకటే. ఇది తుపాకీవానిది — A, G అంటే ఎయిర్ గన్నర్. వెనుక ఒక అద్దాల గూడు ఉంటుందట. అందులో తోక వైపు తిరిగి కూర్చుంటాడు. ముందు ఏమొస్తుందో కనిపించదు, దాటి వచ్చిందే కనిపిస్తుంది. దుష్మన్ విమానం వెనుక నుంచే వస్తుంది కాబట్టి మొదట గుండు తగిలేది కూడా వానికే అన్నాడు.

ఆ చివరి మాట దగ్గర నేను తల ఊపాను. మనసు మాత్రం గంతులేస్తోంది. నడపలేదు. మా అన్న విమానం నడపలేదు. వెనుక సీటులో కూర్చున్నాడు, నాలాగే.

ఇంకొకటి కూడా చెప్పాడు. యూనిఫారం మీది రెక్క గుడ్డదట, దారంతో కుట్టింది, ఛాతీకి కుట్టుకుంటారు. ఇలా సూదితో ఉన్న వెండిది ఫౌజుది కాదు. కుర్రాళ్లు కలకత్తాలో కంసాలి దగ్గర చేయించుకుంటారు. తమ రెక్కలాంటిదే, చిన్నది, ఆడవాళ్లు పైటకు పెట్టుకునేది. పెళ్లాం ఉంటే పెళ్లానికి, లేకపోతే చేసుకోబోయే పిల్లకు.

"కిస్కే వాస్తే బనాయా థా?" ఎవరి కోసం చేయించాడు అని నవ్వాడు. నేనూ నవ్వాను.

ఇంటి దారిలో ఆ మాట మళ్లీ తగిలింది. అన్నకు పెళ్లి కాలేదు. అయితే ఎవరో ఉండి ఉంటుంది, కలకత్తాలోనో, ఫౌజు ఛావణీ పక్కనో. బాగుంది. అమ్మ దేవుని గూట్లో పెట్టి పూజ చేసేది ఊరూపేరూ లేని ఆడదాని నగకు.

నిజం రాస్తున్నాను, ఇంత హాయిగా ఈ మధ్య ఎప్పుడూ నడవలేదు.

ఫిబ్రవరి 15

చెప్పలేదు ఇంకా. మాటలు సరిచూసుకుంటున్నాను. బాధపెట్టినట్టు ఉండకూడదు, బాధ మాత్రం తగలాలి.

ఫిబ్రవరి 16

చెప్పాను. చెప్పకుండా ఉంటే బాగుండేది.

రుక్కు బావికి పోయింది. అమ్మ చేటలో కందిపప్పు చెరుగుతోంది.

"పెద్దోడు విమానం నడుపలేదమ్మా. ఎనుక కూసుండి తుపాకి కాల్చేటోడు."

"గట్లనా." చేట ఆగలేదు. ఆమెకు ఏ సీటైతే ఏమిటి. నేను ఐదు రోజులు తిరిగింది ఆ ఒక్క "గట్లనా" కోసం.

"బిళ్ల కూడ ఇరగలేదు. ఆళ్లకు ఒక్క రెక్కనే ఇస్తరంట."

చేట ఆగింది.

"ఇరగలేదా?"

"లేదు. అవుసులాయన జెప్పిండు, సర్దార్ జెప్పిండు. మొదటిసంది ఒక్కటే."

"వాడు ఇరువలేదా?"

"వాడెందుకు ఇరుస్తడు?"

అమ్మ ఏడ్చింది. చావు కాగితం చదివి వినిపించిన రోజు కూడా ఇలా ఏడవలేదు. చేట ఒరిగి పప్పంతా కింద పడింది. నేను ఏరుతూ కూర్చున్నాను, ఏం చేయాలో తెలియక.

"నా మీది కోపంతోని ఇరిచి ఇచ్చిండనుకున్న. గందుకే అతికియ్యమన్న."

కోపమెందుకని అడిగాను. అడగడమే నా తప్పు.

ఫౌజుకు పోయేనాడు వంటింట్లో నిలబడి అన్న అడిగాడట — "రుక్కును నాకే ఉంచుమని మామకు జెప్పు. తిరిగచ్చి చేసుకుంట." అమ్మ సరేనంది. ఏడాదికి మామ పెళ్లి మాట తెచ్చాడు. అప్పుడు అమ్మ చెప్పింది, పెద్దోడు చేసుకోనన్నడు, చిన్నోనికి ఇయ్యి అని.

అన్న అనలేదు. ఆ మాట అమ్మది.

"ఎందుకు జెప్పినవ్ గట్ల?"

"నువ్వు తింటలేకుంటివి. రుక్కు పేరెత్తితె లేశి అవుతలికి పోతుంటివి. నాకు కండ్లు లేవా? వాడు ఏది లేకున్నా బతుకుతడు, నువ్వు బతుకవు అనుకున్న."

సెలవుకు వస్తూ అన్న ముందు భోకర్‌లో దిగాడు. బిళ్ల ఆయన రుక్కు కోసం తెచ్చినదే. అక్కడ మామ అన్నాడట, నువ్వే వద్దంటివి కదా అని. అన్న వాదులాడలేదు. అక్కడి నుంచి ఇంటికి వచ్చాడు.

"అచ్చి నా చేతుల పెట్టిండు. రుక్కుకని తెచ్చిన, నువ్వే ఉంచుకో అమ్మా అన్నడు. ఒక్క మాట అడుగలే. అడిగితె కాళ్లు మొక్కుదును. అడుగకనే పోయిండు."

రుక్కు బిందెతో వచ్చింది. అమ్మ ముక్కు చీది, పప్పు ఒలికిందని చెప్పింది. ముగ్గురం కలిసి ఏరాం.

ఫిబ్రవరి 17

పొద్దున అమ్మ చాటుకు పిలిచి అంది — "రెక్క చేయించకు. బిళ్ల అవుసులాయన తాన్నుంచి తెచ్చి రుక్కుకు ఇయ్యి. ఆమెదే అది. నా చేతితోని ఇయ్యలేను."

ఏమని చెప్పి ఇవ్వాలి అని అడిగాను. నీ ఇష్టం అంది. నీకు ఎట్ల జెప్పబుద్ధయితె గట్ల జెప్పు అంది.

జేబులోనే ఉందని చెప్పలేదు.

ఫిబ్రవరి 18

అమ్మకు నేనే ఎక్కువ. ఇన్నేళ్లు నేను కుళ్లింది ఊరికే. ఆయన నోటి కాడిది తీసి నాకు పెట్టింది. ఇది తెలిస్తే నాకు ఎంత సంతోషం కావాలి.

గడియారం ఇచ్చిన రోజు గుర్తొస్తోంది. ఆ నాలుగు రోజులూ గోడ వైపు తిరిగి పడుకునే ఉన్నాడు. ఫౌజు గర్వం తలకెక్కింది, మాతో మాట్లాడటం నామోషీ అనుకున్నాను. పోయేముందు గడియారం నా చేతికి తనే కట్టాడు. పట్టీ బిగువుగా ఉందా అని అడిగాడు. సరిపోయింది అన్నాను.

ఒక్కసారి నా మీద అరిచినా బాగుండేది. కొట్టినా బాగుండేది. అదీ చేయలేదు. ఇందులోనూ ఆయనే పెద్దవాడైపోయాడు. నాకు మళ్లీ కుళ్లుగా ఉంది — ఇంత జరిగాక కూడా.

ఫిబ్రవరి 19

రుక్కును చూస్తున్నాను. ఆమె కూరగాయలు తరుగుతుంటే చూస్తున్నాను. నూలు బట్టలు పిండి ఆరేస్తుంటే చూస్తున్నాను. మూడేళ్ల కాపురంలో ఇంతగా చూడలేదేమో.

"ఏంది బావా గట్ల చూస్తున్నవు, నా మొకం మీద ఏమన్న ఉన్నదా?"

ఏం లేదన్నాను.

నన్ను బావా అంటుంది. ఆయన్ని పెద్దబావా అనేది. వరస ప్రకారం ఇద్దరమూ బావలమే. మూడేళ్లు ఆ పిలుపు హాయిగా విన్నాను. ఈ రోజు విన్నప్పుడల్లా, ముందు ఒక మాట మింగి ఆ తరువాత అంటోందా అనిపిస్తోంది.

ఆయన వద్దన్నాడని ఆమె నమ్మిందా? నమ్మి ఏడ్చిందా? లేక ఆమెకు ఏదైనా ఒకటేనా? బిళ్ల చూసిందా, భోకర్‌లో? చూపించి ఉండడు. మామ ఎదురుగా ఎలా చూపిస్తాడు. చూపించి ఉండడు.

ఫిబ్రవరి 20

ఆకలి లేదు.

ఫిబ్రవరి 21

డ్యూటీ దిగి ఘాటు దాకా పోయాను. బిళ్ల పిడికిట్లో. గోదాట్లో వేస్తే అయిపోతుంది. అవుసులాయన పోగొట్టాడని అమ్మతో చెప్పవచ్చు.

వేయలేదు. బుద్ధి వచ్చి కాదు. బట్టలు ఉతికేవాళ్లు చూస్తున్నారు.

వెనక్కి వస్తూ బ్రహ్మయ్య దగ్గర ఆగాను. అతుకుతావా మరి అన్నాను. రెండో రెక్క అతికిస్తే పైలటు బిళ్ల అవుతుంది. మళ్లీ దేవుని గూట్లోకి పోతుంది, పసుపు కుంకుమ పడుతుంది. ఆడదాని పైటకు పెట్టేదని ఇక ఎవరూ అనరు. అన్న పెద్దవాడుగానే ఉంటాడు, ఉండనీ. గూట్లో ఉన్నంతవరకు ఎంత పెద్దవాడైనా నాకు ఫరవాలేదు.

కడియాలు కరిగించాలంటే అమ్మ మళ్లీ ఒక మాట చెప్పాలి అన్నాడు బ్రహ్మయ్య. ముసలామె చేతివి, నీ మాట మీద కరిగియ్యను అన్నాడు. నేను చెప్తే చాలదు. ఎక్కడా చాలదు.

ఫిబ్రవరి 22

అమ్మ అడగదు. అన్నం వడ్డిస్తూ ఒకసారి నన్ను చూస్తుంది, ఒకసారి రుక్కును చూస్తుంది. మజ్జిగ కావాలా అంటుంది.

ఏడాదికి ఇంకా వారం.

ఫిబ్రవరి 23

శనివారం. గూడు ఖాళీగా ఉంది. అమ్మ దీపం పెట్టి, భరిణె ఉండే చోట తుడిచి, ఊరికే నిలబడింది. రుక్కు గడప దగ్గరే నిలబడింది. నాకు తెలియని మాట ఏదైనా వాళ్లిద్దరి మధ్య ఉందా? ఇప్పుడు ఈ అనుమానం కొత్తగా పట్టుకుంది.

నేనే చెప్తాను. రేపు చెప్తాను. అన్న నీకోసం తెచ్చాడు, అమ్మ అబద్ధమాడింది, నాకోసం ఆడింది అని. అంతే కదా. మూడు ముక్కలు. ఆమె ఏమంటుందో అని కాదు నా భయం. ఏమీ అనకుండా కాసేపు ఊరుకుంటుందేమో అని. ఆ ఊరుకున్నంతసేపు నేను ఎటు చూడాలి?

ఫిబ్రవరి 24

అమ్మ గుడికి పోయింది. పొద్దుటి డ్యూటీ లేదు. పొయ్యి ముందు కూర్చున్నాను. రుక్కు జొన్నరొట్టె చేస్తోంది. ఇదే అదను అనుకున్నాను. చేయి జేబు దాకా పోయింది.

ముందు ఆమే మాట్లాడింది, పిండి తడుతూ.

"బావా, బిళ్ల అవుసులాయన తాన్నే ఉన్నదా?"

"ఉన్నది."

"రెక్క పెట్టనియ్యకు. అది ఇరిగింది కాదు. మొదటిసంది ఒక్కటే."

అమ్మ చెప్పిందా అని అడిగాను. లేదంది.

"మరి నీకెట్ల ఎర్క?"

"భోకర్‌ల చూసిన."

రొట్టె పెనం మీద వేసింది. తడి చేత్తో దాని మీద నీళ్లు రాసింది. వాడకట్టంతా ఏడాది పాటు విరిగింది విరిగింది అంటుంటే ఇదే పొయ్యి దగ్గర కూర్చుని విన్నది. ఒక్కనాడూ నోరు తెరవలేదు.

"ఇంకేమన్న అన్నడా, అప్పుడు?"

రొట్టె తిప్పింది. పొంగింది. గుడ్డతో అదిమింది.

"వేడిది తిను బావా, సల్లారుతది."

బిళ్ల అప్పుడు నా చొక్కా జేబులోనే ఉంది. తియ్యలేదు. రెండో రొట్టె వేసింది. తిన్నాను.